స్లాబు పడకముందు

తెల్లవారి ఆరింకా కాలేదు. కాశీబుగ్గ దాటి ఉద్దానం వైపు వెళ్ళే దారిలో, జీడితోటలు మొదలయ్యే చోట, సగం లేచిన ఓ ఇంటి ముందు మీరున్నారు. సంక్రాంతి ముందరి మంచు. మిల్లరు అప్పుడే తిరగడం మొదలైంది. డీజిలు పొగ, తడి సిమెంటు వాసన, దగ్గర్లోని జీడిపప్పు షెడ్డులోంచి వచ్చే ఘాటు మూడూ ఒక్కసారే ముక్కుకి తగులుతున్నాయి. ఇసక గుట్ట పక్కన పదిమంది కూలీలు నిలబడ్డారు. సగం మంది ఆడవాళ్ళే. చీరల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని, నెత్తి మీద చుట్టకుదురు సర్దుకుంటున్నారు. ఇంటావిడ గుమ్మానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. ఈ ఇంటికి ఇవాళ స్లాబు.

పైకెక్కండి. నిచ్చెన కాస్త ఊగుతుంది, పరవాలేదు. సెంట్రింగు రేకుల మీద చువ్వలు నిలువుగా, అడ్డంగా పరిచి బైండింగు వైరుతో కట్టి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే ముచ్చటగానే ఉంది. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని వంగి చూడండి. కింది వరస చువ్వకీ రేకుకీ మధ్య మీ వేలు దూరాలి. దూరడం లేదు. అక్కడక్కడా ఓ పిక్క ముక్క పెట్టి చువ్వని ఎత్తారు. చాలాచోట్ల అదీ లేదు, చువ్వ రేకుని ఆనుకుని పడుకుంది. సెంట్రింగు విప్పిన రోజున ఆ చువ్వ సీలింగులో గీతలా కనిపిస్తుంది. మర్నాడు దాని మీద ప్లాస్టరింగు పూస్తారు. ఆ పైన ఎవరూ దాన్ని చూడరు, తుప్పు లోపల ఉబ్బి పెచ్చు ఊడి మంచం మీద పడేదాకా.

"కవర్ బ్లాకులు లేవా మేస్త్రీ?" అని అడుగుతారు మీరు.

"తెమ్మని చెప్పినాను బాబూ, షాపులో లేవన్నారట. ఏటౌతాది? అందరికీ ఇలాగే ఏసినాం. ఏ ఇల్లూ పడిపోనేదు."

మేస్త్రి అబద్ధం చెప్పడం లేదు. పాతికేళ్ళుగా ఈ చుట్టుపక్కల ఆయన వేసిన స్లాబులు నిలబడే ఉన్నాయి. ఆయన చేతికి పనితనం ఉంది, కంటికి మట్టం ఉంది. ఆయనకి ఎవరూ చెప్పనిది వేరే. పిల్లరు మీదికి దూలం వచ్చి కలిసేచోటికి రండి. గాలివాన ఊపినా భూమి కదిలినా ఇంటి బలమంతా పరీక్షకి నిలిచేది ఆ కూడలిలోనే. రింగుల కొక్కేలు అక్కడ 135 డిగ్రీలు వంగి లోపలి కాంక్రీటుని పట్టుకోవాలి. ఇక్కడ 90 డిగ్రీల దగ్గర ఆపేశారు. కొన్ని రింగులు కూడలిలో అసలే లేవు, వైబ్రేటరు దిగదని తీసేశారు. వైబ్రేటరేమో మెట్ల కింద గోనెసంచి కప్పుకుని ఉంది.

కింద మిల్లరు దగ్గర ఓ కుర్రాడు నీళ్ళ పైపు పట్టుకుని నిలబడ్డాడు. 50 కిలోల సిమెంటు బస్తాకి ఈ వాతావరణంలో 25 లీటర్లు దాటకూడదని లెక్క. ఇసక తడిని కూడా అందులోనే కలుపుకోవాలి. కుర్రాడి చేతిలో కొలత లేదు. మాలు చిక్కగా వస్తే పైనుంచి కేక వస్తుంది, "నీళ్ళొదులు గుంటడా!" అని. వాడు వదులుతాడు. మాలు జారుగా, తేలిగ్గా గమేళాల్లోకి పడుతుంది. మోసేవాళ్ళకి సుఖం, పరిచేవాళ్ళకి సుఖం. ఎక్కువైన ప్రతి చుక్కా ఆరాక కాంక్రీటులో ఓ సన్నటి ఖాళీగా మిగులుతుంది. ఉప్పుగాలి లోపలికి వెళ్ళేది ఆ ఖాళీల దారినే.

ఇంటావిడ మీకు టీ ఇచ్చి, అడక్కుండానే ప్లాస్టిక్ కవరులోంచి కాగితాలు తీసి చూపిస్తుంది. భర్త ఊరికి దూరంగా పని చేస్తున్నాడు, ఇల్లు కట్టించే భారమంతా ఈవిడదే. ప్లానుంది. ఫీజు కట్టిన రసీదుంది. లైసెన్సున్న ఇంజినీరు సంతకముంది. పురపాలక సంఘం అనుమతి ఉంది. "అన్నీ కరెక్టుగా చేయించినాను బాబూ. రేపెవరూ వేలెత్తి చూపకూడదు కదా," అంటుంది. ఆవిడ గర్వానికి కారణముంది. ఆవిడ అత్తగారి కాలంలో ఈ కాగితం కోసం ఎన్నిసార్లు ఆఫీసు గడప తొక్కాలో, ఎవరెవరిని మంచి చేసుకోవాలో ఆవిడకి బాగా తెలుసు.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్న ఇంటి సెంట్రింగు మీద నిలబడి, కిందనున్న చువ్వల్ని చూస్తున్నారు మీరు. కట్టడాల నియమాల్లో ఈ మధ్య కొన్నేళ్ళలో వచ్చిన సంస్కరణ గురించి నేను చెప్పదలచినదంతా ఆ రెంటి మధ్య ఉన్న దూరం గురించే.

పొద్దెక్కాక కాశీబుగ్గలో ఇంజినీరు గదికి రండి. ఒక కంప్యూటరు, గోడ మీద పలాస-కాశీబుగ్గ మున్సిపాలిటీ మ్యాపు, బల్ల మీద చుట్టలు చుట్టిన ప్లాన్లు. ఈయన్ని జనం ఇంజినీరు గారంటారు, ప్రభుత్వం రాతల్లో ఎల్‌టీపీ, అంటే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్. ఇంటి యజమానికీ ప్రభుత్వానికీ మధ్య నిలబడే మనిషి ఈయనే.

2012లో జీవో 168, 2017లో జీవో 119 రాష్ట్రంలో కట్టడాల నియమాలని ఒక చోటికి తెచ్చాయి. రోడ్డు వెడల్పుని బట్టి ఎత్తు, స్థలాన్ని బట్టి చుట్టూ వదలాల్సిన ఖాళీ, పార్కింగు, వాననీటి గుంత అన్నీ వాటిలో ఉన్నాయి. తరవాత ప్లాన్లు ఆన్‌లైనుకి ఎక్కాయి. 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు వచ్చాక ప్రతి వార్డుకీ ప్రణాళికా కార్యదర్శి వచ్చారు. పక్క తెలంగాణ 2020లో టీఎస్-బీపాస్ తెచ్చి, 75 గజాల్లోపు ఇంటికి అనుమతే అక్కర్లేదంది. 2024 డిసెంబరులో పురపాలక మంత్రి పొంగూరు నారాయణ అయిదంతస్తుల దాకా అధికారుల అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదని ప్రకటించారు. 2025లో స్వీయ ధ్రువీకరణ పథకం ఉత్తర్వులై వచ్చింది. యజమానీ ఇంజినీరూ కలిసి, నియమాలకి కట్టుబడే కడతామని సంతకం పెట్టి, ఫీజు కడితే చాలు. తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది, ఇంజినీరు లైసెన్సు పోతుంది.

ఇది మంచి పని. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. రెండు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకునే మనిషి ఓ గుమస్తా దయ కోసం నెలలు కాచుక్కూర్చోవడం ఏ రక్షణా కాదు. అది అవమానం. దాన్ని తీసేసినవాళ్ళకి ఆ పుణ్యం దక్కాలి.

ఇంజినీరు తన కంప్యూటరు తెర మీద ఓ ప్లాను తెరిచి చూపిస్తాడు. సాఫ్టువేరు దాన్ని నిమిషాల్లో చదివేస్తుంది. ముందు ఖాళీ సరిపోయిందా, పక్క ఖాళీ సరిపోయిందా, ఎత్తు హద్దులో ఉందా? అన్నిటికీ పచ్చ రంగు వస్తుంది. "ఇందులో చువ్వ ఎక్కడుంది సార్?" అంటారు మీరు. ఆయన ఇబ్బందిగా చూస్తాడు. పెద్ద భవనాలైతే స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కలు, సంతకం కావాలి. చిన్న ఇంటికొచ్చేసరికి పిల్లరు కొలతా చువ్వల లెక్కా మేస్త్రి అనుభవం మీదే నడుస్తాయి. ఆయన్ని తప్పుపట్టకండి. ప్లాను గీసినందుకు ఆయనకి వచ్చే డబ్బు ఎంతో ఆయనకీ, ఇచ్చేవాళ్ళకీ తెలుసు. అందులో స్లాబు రోజున పొద్దున్నే వచ్చి నిచ్చెనెక్కడం లేదు. రమ్మని అడిగేవాళ్ళూ లేరు, రాలేదని అడిగేవాళ్ళూ లేరు.

2018 అక్టోబరు 11. తెల్లవారుజామున నాలుగున్నరకీ అయిదున్నరకీ మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి, ఉండుండి 165 దాకా. ఆ రాత్రి ఇక్కడున్నవాళ్ళని అడిగితే మొట్టమొదట చెప్పేది చప్పుడు గురించే. "రేకు ఎగిరిపోయిన చప్పుడు ఒకటే కాదు బాబూ, రేకు లేసినాక గోడ మూలిగిన చప్పుడు," అంటాడు జీడిపప్పు షెడ్డులో పనిచేసే ఓ పెద్దాయన. కొబ్బరిచెట్లు మొదలంటా విరిగాయి. తరతరాల జీడితోటలు ఒక్క పొద్దులో నేలకొరిగాయి. చెట్ల సంగతి దేశమంతా విన్నది. ఇళ్ళ కప్పులూ షెడ్ల రేకులూ ఎలా పోయాయన్నది అంతగా ఎవరూ పట్టించుకోలేదు.

షెడ్డు లోపలికి రండి. తలెత్తి చూడండి. ఆ తుపాను తరవాత వేసిన రేకులివి. ఇనప పట్టీకి రేకుని పట్టి ఉంచేది జె-బోల్టు, దాని కింద వాషరు. గాలి మధ్య భాగం కంటే అంచుల్లోనూ మూలల్లోనూ చాలా గట్టిగా పైకి పీకుతుంది. అందుకని అంచు వరసలో బోల్టులు దగ్గర దగ్గరగా ఉండాలి. ఇక్కడ మధ్యలో ఎంత దూరానికి ఉన్నాయో అంచునా అంతే దూరానికి ఉన్నాయి. రేకు మందం పెరిగింది, ఖర్చూ పెరిగింది. మూల మాత్రం అలాగే వదిలేశారు. ఈసారి గాలొస్తే మొదట లేచేది ఆ మూలే.

ఇందుకు ప్రమాణాలు లేక కాదు. ఐ.ఎస్. 875 మూడో భాగం ఈ తీరానికి సెకనుకి 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోమంటుంది, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2015లో సవరించినప్పుడు తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపలిదాకా తుపాను పట్టీగా గుర్తించి, పరిశ్రమల షెడ్లకి గాలి వేగాన్ని మరో 15 శాతం పెంచి, ఆసుపత్రుల్లాంటి కట్టడాలకి 30 శాతం పెంచి లెక్క కట్టమంది. పలాసా టెక్కలీ ఉద్దానమూ మొత్తం ఆ పట్టీలోనే ఉన్నాయి. చిన్న ఇళ్ళని తుపానుకి తట్టుకునేలా ఎలా కట్టాలో 2004 నుంచి వేరే ప్రమాణమే ఉంది, ఐ.ఎస్. 15498. ఈ షెడ్డు కట్టిన ఫ్యాబ్రికేటరు చేతికి అది ఏ భాషలోనూ ఎప్పుడూ రాలేదు. తెలుగులో నాలుగు బొమ్మలతో ఓ కరపత్రం వేసి, ప్రతి వెల్డింగు షాపు గోడకీ అంటించడానికి ఎంత ఖర్చవుతుంది?

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం 1992 ఆగస్టులో ఆండ్రూ తుపానుకి ఇలాగే కప్పులు పోగొట్టుకుంది. ఆ తరవాత నియమాలని తిరగరాశారు, 2002 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే కోడు వచ్చింది. కాగితం మీద మారిన మాటల కంటే నాకు ముఖ్యంగా తోచింది అక్కడి తనిఖీ పద్ధతి. కాంక్రీటు పొయ్యకముందు చువ్వలు చూస్తారు, కప్పు చెక్క మీద పెంకు పరవకముందు మేకులు చూస్తారు. కప్పేశాక చూసి లాభం లేదు కాబట్టి, కప్పేముందే చూస్తారు.

మళ్ళీ కాశీబుగ్గకి రండి, వెంకటేశ్వరస్వామి ఆలయం దగ్గరికి. ఇక్కడ గొంతు తగ్గించి మాట్లాడదాం. 2025 నవంబరు 1, కార్తీక ఏకాదశి, శనివారం. పొలాల పక్కన కొత్తగా తెరిచిన గుడికి వేలల్లో జనం వచ్చారు, ఎక్కువమంది ఆడవాళ్ళు. మెట్ల దగ్గర ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఒకే దారిలో ఇరుక్కున్నారు. రెయిలింగు విరిగింది. తొమ్మిది మంది చనిపోయారు. అది ప్రైవేటు గుడి, దేవాదాయ శాఖ కింద లేదని మంత్రులు చెప్పారు. అంత జనం వస్తారని పోలీసులకి ముందుగా కబురే లేదన్నారు.

మెట్ల పక్కన చెయ్యి వేసి నిలబడండి. రెయిలింగు అంటే మనకి అలంకారం. జనం కిక్కిరిసే చోట అది గోడతో సమానం. అలాంటి చోట రెయిలింగు తట్టుకోవాల్సిన తోపుడు ఇంటి మెట్ల రెయిలింగు కంటే కొన్ని రెట్లు ఎక్కువగా లెక్క వేయాలని మన ప్రమాణమే చెబుతుంది. ఆ లెక్కలో అసలు విషయం పైపు లావు కాదు, పైపు అడుగున కాంక్రీటుని పట్టుకున్న చోటు. ఎంత లోతు దిగింది, ప్లేటుకి ఎన్ని బోల్టులు, వెల్డింగు చుట్టూ ఉందా, నాలుగు చుక్కలతో సరిపెట్టారా? అది కంటితో చూసి, చేత్తో ఊపి తేల్చుకునే విషయం. దానికి పెద్ద చదువక్కర్లేదు. అక్కడికి వెళ్ళే మనిషి కావాలి, వెళ్ళాల్సిన బాధ్యత ఫలానా వారిదని రాసి ఉండాలి.

అదే ఏడు ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో క్యూలైను పక్కన కొత్తగా కట్టిన గోడ వానకి కూలి ఏడుగురు పోయారు. ఆర్నెల్ల తేడాలో, ఉత్తరాంధ్రలోనే, దేవుడి దగ్గరికి వెళ్ళిన జనానికి రెండుసార్లు ఇలా జరిగింది. ఒకటి ప్రభుత్వ అజమాయిషీ ఉన్న క్షేత్రం, ఇంకోటి ప్రైవేటు గుడి. చట్టం ముందు రెంటి సంగతీ వేరువేరు. ఆ గోడా, ఈ రెయిలింగూ చేసిన పని ఒక్కటే.

ఇంకో సంగతి ఉంది, అది చెప్పకపోతే మేస్త్రి "ఏటౌతాది" అన్న మాటకి అర్థం తెలియదు. నియమం మీరి కట్టినదాన్ని జరిమానా తీసుకుని సరి చేసే పథకం, బీపీఎస్, మొదట 2007 చివర్లో వచ్చింది. మళ్ళీ 2015లో వచ్చింది. మళ్ళీ 2019లో. ఇప్పుడు 2025లో మరోసారి, 1985 జనవరి నుంచి 2025 ఆగస్టు దాకా కట్టినవాటికి. ఖజానాకి డబ్బొస్తుంది, జనానికి ఊరట దొరుకుతుంది, అదీ నిజమే. కాని పలాస బజారులో ఏ కాంట్రాక్టరునడిగినా ఇదే అంటాడు: "ఇప్పుడు కట్టీండి, తరవాత కట్టుకోవచ్చు." మొదటిది ఇల్లు, రెండోది జరిమానా. జరిమానా కడితే సెట్‌బ్యాక్, అంటే చుట్టూ వదలాల్సిన ఖాళీ, సరవుతుంది, కాగితం మీద. తక్కువైన చువ్వ ఏ జరిమానాకీ లావెక్కదు. అడ్డుగా ఉన్న గోడ వల్ల పక్కింటికి గాలి రాకపోవడమూ, మీద ఎక్కించిన అంతస్తు బరువుకి కింది పిల్లరు నలగడమూ రెండూ ఒకే తప్పుల పట్టికలో పడడం నాకు అస్సలు మింగుడు పడదు. మొదటిది డబ్బుతో తీర్చుకోండి. రెండోదానికి ఇంజినీరు వచ్చి పరీక్ష చేసి బలం తేల్చాకే క్షమాపణ దొరకాలి.

మధ్యాహ్నం తీరానికి పోదాం. వజ్రపుకొత్తూరు దాటాక దారికి రెండు పక్కలా కొబ్బరి, పనస, సరుగుడు. ఒక్కసారిగా చెట్లు ఆగిపోయి ఇసక, ఆ పైన సముద్రం. మత్స్యకారుల ఊరు. ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసినట్టు గోడకి గోడ ఆనించి వరసగా ఉన్నాయి. ఈ వరస ఇళ్ళు తీరంలో తరాల పద్ధతి, గాలికి ఒకదానికొకటి చాటు. పక్కన ఖాళీ వదలమనే నియమం ఈ వీధిలో నిలబడి చదివితే దానికి ఈ ఊరు తెలియదని అర్థమవుతుంది. అలల హద్దు నుంచి ఎంత దూరంలో కట్టవచ్చో తీర నియంత్రణ నోటిఫికేషన్లు చెబుతాయి. పల్లె ప్రాంతాల్లో 2011 నాటిది 200 మీటర్లంది, 2019 నాటిది జనసాంద్రత ఎక్కువున్న చోట 50 మీటర్లకి తగ్గించింది. ఇక్కడి వాళ్ళ వలలు, తెప్పలు, బతుకు అంతా ఆ గీతకి అవతలే.

ఆ వరసలో ఓ ఇంటి చూరు కింద నిలబడి పైకి చూడండి. కట్టి ఎంతో కాలం కాలేదు. సన్‌షేడు అడుగున కాంక్రీటు పెచ్చులూడి, చువ్వలు బయటపడి, ఎర్రగా పొరలు పొరలుగా ఉబ్బి ఉన్నాయి. గోటితో గీకితే పొడి రాలుతుంది. ఆ పొడిలో ఇల్లుగలాయన వేటకెళ్ళి దాచిన డబ్బంతా ఉంది. తీరంలో కట్టే కాంక్రీటు కనీసం ఎం30 గ్రేడు ఉండాలని, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలని, బస్తాకి నీళ్ళు 22.5 లీటర్లు దాటకూడదని ఐ.ఎస్. 456 చెబుతుంది. పొద్దున పలాస దగ్గర చూసిన ఇంటి కంటే ఇక్కడ కట్టుదిట్టం పెరగాలి. ఇక్కడికొచ్చేసరికి అన్నీ తగ్గుతాయి, ఎందుకంటే వంశధార ఇసక ఇంత దూరం రావాలంటే లారీ కిరాయి పెరుగుతుంది. 2024 జులైలో ఇసక ఉచితమైంది, రవాణా ఉచితం కాలేదు. గుమ్మం ముందరే తెల్లగా మెరిసే ఇసక మాత్రం కిరాయి లేకుండా ఉంది. అది ఉప్పుది. పునాది పూడ్చడానికని తెచ్చిన ఆ ఇసక, చివర్లో నాలుగు గమేళాలు తక్కువైనప్పుడు మిల్లరులోకీ వెళ్తుంది.

నీళ్ళ మాటకొస్తే ఉద్దానానికి వేరే చెప్పాలా? కిడ్నీ జబ్బుతో ఇన్ని ఊళ్ళు బాధపడుతుంటే, హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్ల పథకంతో తాగునీరు తెచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఇంట్లో మంచినీళ్ళకీ, బోరు నీళ్ళకీ తేడా చిన్నపిల్లకి కూడా తెలుసు ఇప్పుడు. అంటే, కంటికి కనబడని ప్రమాదం గురించి ఇక్కడి జనానికి చెబితే అర్థం కాదనే మాట చెల్లదు. చెప్పాల్సినవాళ్ళు చెప్పాలి.

నౌపడ ఉప్పుమడుల మీదుగా, సాయంత్రానికి టెక్కలి. గ్రానైటు బండలు మోసే లారీలు హైవే మీద బారులు తీరి ఉన్నాయి. ఆర్టీసీ కాంప్లెక్సు పక్కన టీకొట్టులో పండక్కి ఊరొచ్చిన వలస మేస్త్రులు కూర్చున్నారు. చెన్నై నుంచి, హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి. శ్రీకాకుళం చెయ్యి పడకుండా దక్షిణాదిలో పెద్ద భవనం లేవదు. ఆ చేతులు ఇళ్ళకి తిరిగి రాని రోజులూ ఉన్నాయి. 2014 జూన్ 28 సాయంత్రం, వానలో, చెన్నై మౌలివాక్కంలో కడుతుండగానే 11 అంతస్తుల భవనం కుప్పకూలింది. 61 మంది పోయారు. వాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు ఎందరో. ఆ భవనానికి ప్లాను అనుమతి ఉంది. అనుమతిలో దాని ఎత్తు ఉంది, చుట్టూ ఖాళీ ఉంది. పిల్లర్లకి ఆ బరువు మోసే బలం లేదు.

కట్టడం ఖర్చులో వందకి రూపాయి కార్మికుల సంక్షేమానికి సెస్సుగా తీయాలని 1996లో చట్టం వచ్చింది. ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాడు సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. టీకొట్టులో కూర్చున్నవాళ్ళ 90 రోజులు వేరే రాష్ట్రంలో, వేరే వేరే కాంట్రాక్టర్ల దగ్గర, చిట్టా లేకుండా గడిచినవి. ఇప్పుడు 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టంలో 10 లక్షలు దాటిన సొంతింటికి సెస్సు పడేది, కొత్త కోడ్‌లో ఆ హద్దు 50 లక్షలు. ఇల్లు కట్టుకునేవాడికి తేలిక, ఒప్పుకుంటాను. కాని పలాస, టెక్కలి లాంటి ఊళ్ళలో దాదాపు ఇళ్ళన్నీ ఆ హద్దు లోపలే పడతాయి. పొద్దున నెత్తిన గమేళా పెట్టుకుని నిచ్చెనెక్కిన ఆడమనిషి, ఆ మెట్టు విరిగి పడితే, ఆవిడ పేరు ఏ పట్టికలో ఉంటుంది?

టీకొట్టులో ఓ మేస్త్రి, నలభై దాటి ఉంటాయి, మీరు అడుగుతున్నవి విని బెంచీ మీద జరిగి చోటిస్తాడు. చెన్నైలో పెద్ద కంపెనీ సైటులో సెంట్రింగు చేస్తున్నాడట. "అక్కడ పోర్ కార్డ్ అని ఉంటాది బాబూ. చువ్వలు ఒకడు చూసి సంతకం పెడతాడు. సెంట్రింగు ఒకడు చూసి పెడతాడు. కరెంటు పైపులోడు పెడతాడు. ఆఖర్న ఇంజినీరు. ఒక్క సంతకం తక్కువైనా కాంక్రీటు బండి గేటు దాటదు. మావే ఎన్నోసార్లు ఇప్పించి మళ్ళీ కట్టించినారు." తిట్టుకునేవాళ్ళా అంటే, "మొదట్లో తిట్టుకున్నాం. మౌలివాక్కం అయినాక ఎవడూ తిట్టలేదు," అంటాడు.

ఈ కార్డు మన ఊళ్ళకి రావడానికి పెద్ద అడ్డంకి కనబడదు నాకు. ప్రభుత్వం ఇచ్చే పక్కా ఇళ్ళకి ఇప్పటికే దశలవారీగా, పునాది మట్టం, రూఫ్ మట్టం, స్లాబు పడ్డాక అని సచివాలయం మనిషి వచ్చి ఫోనులో ఫొటో తీసి జియోట్యాగు చేస్తేనే బిల్లు పడుతుంది. బిల్లు కోసం ఇంటి దగ్గరికి వెళ్ళే మనిషి ఉన్నాడు, ఫోనుంది, యాప్ ఉంది. అదే ఫొటో స్లాబుకి ముందురోజు తియ్యాలి: చువ్వల కింద కవర్ బ్లాకు కనబడేలా, పిల్లరు కూడలిలో రింగు కొక్కెం కనబడేలా. ప్లాను మీద సంతకం పెట్టిన ఇంజినీరే దాని మీదా సంతకం పెట్టాలి, ఆ రాకకి ఫీజు అనుమతి రోజునే కట్టించుకోవాలి. స్లాబు ఖర్చులో అది ఎంతోకాదు. ఇలా నగరాల్లో పనిచేసి వచ్చిన మేస్త్రులకి పరీక్ష పెట్టి కార్డులిస్తే, ఉద్దానంలో ప్రతి ఊరికీ ఇంటి మనిషే తనిఖీదారు అవుతాడు. జనం కూడే గుళ్ళకీ, కల్యాణమండపాలకీ, సినిమా హాళ్ళకీ మాత్రం ఎవరి సొంత సంతకమూ చాలదు. తెరిచేముందు బయటి ఇంజినీరు వచ్చి మెట్లూ రెయిలింగులూ దారులూ చూసి రాసివ్వాలి, ఆ గుడి ఏ శాఖ కింద ఉన్నా, ఏ శాఖ కిందా లేకపోయినా.

మేస్త్రికి మీరిదంతా చెబుతుంటే ఆయన తల ఊపుతూ వింటాడు. తరవాత తన సంగతి చెబుతాడు. సంతబొమ్మాళి దగ్గర చెల్లెలి ఇంటికి పండగ వెళ్ళిన వారంలో స్లాబు. ఊరి మేస్త్రి చువ్వలు కట్టేశాడు. నిన్న ఈయన వెళ్ళి చూసి, రెండు దూలాల దగ్గర రింగులు విప్పించాడు. బావగారికి కోపం వచ్చిందట.

"మిల్లరుకి అడ్వాన్సు ఇచ్చీసినాడు మా బావ. కూలోళ్ళకి చెప్పీసినాడు. ఇప్పుడు ఆపితే డబ్బులు పోతాయని గోల. పోతే పోనీ అన్నాను. ఇంజినీరు బాబుకి ఫోను చేసినాను, ఆదివారం వస్తానన్నాడు. ఆయనొచ్చి చూసి సరే అన్నదాకా ఒక్క గమేళా కూడా పైకి ఎక్కనివ్వను."